పై పళ్ళు, కింది పళ్ళు

మొన్న పళ్ళ డాక్టరు దగ్గర నుంచి షేర్ ఆటోలో ఇంటికి వచ్చి, చెప్పులు సరిగ్గా విప్పకుండానే అద్దం ముందు నిలబడ్డాను. అరవై దాటినదానికి అద్దంతో ఏం పని అని మీరనవచ్చు. నా నాలుక ఊరుకుంటేగా! పొద్దున్నదాకా నున్నటి గోడలా ఉన్న కింది పళ్ళ వెనక ఇప్పుడు సందులు తగులుతున్నాయి. మాట్లాడితే గాలి పోతోంది, నీళ్ళు పుక్కిలిస్తే జివ్వుమంటోంది. కొన్ని వారాలు ఇలాగే ఉంటుంది, వాపు తగ్గి చిగుళ్ళు బిగుసుకున్నాక సర్దుకుంటుంది, భయపడవద్దని డాక్టరు చెప్పే పంపించాడు. ఈ పూట కింది వరస, వచ్చే వారం పై వరస అన్నాడు. నేను బుద్ధిగా తల ఊపి వచ్చేశాను గానీ, ఆటో ఎక్కినప్పటి నుంచీ మనసులో ఒకటే మాట తిరుగుతోంది. పై వరసకు నేను వెళ్ళను.

అసలు ఇంతదాకా వచ్చిందే ఏనాడూ వెళ్ళకపోవడం వల్ల. బ్రష్ మీద ఎర్రగా కనబడటం నాకు కొత్త కాదు, పోస్టాఫీసులో ఉద్యోగం చేసే రోజుల నుంచీ ఉంది. షుగరు వచ్చాక ఎక్కువైంది. జామకాయ కొరికితే కాయ మీద ఎరుపు, పొద్దున లేస్తే దిండు మీద ఎరుపు. ఆఖరికి ఒక దవడ పన్ను కదలడం మొదలుపెట్టి, మెతుకు తగిలినా ప్రాణం పోయినంత పనయితే తప్ప కదల్లేదు నేను. డాక్టరు చిన్నవాడు, మా రెండోవాడి ఈడు ఉంటాడు. నోట్లోకి లైటు వేసి చూసి, "ఏమ్మా, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా క్లీన్ చేయించుకోలేదా?" అన్నాడు అరవంలో. "మా ఇంట్లో పళ్ళు గీకించుకోరు" అన్నాను. ఎందుకని అడిగాడు. సందులు పడి ఊడిపోతాయని చెప్పాను. అతను నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నవ్వడానికేముంది, అది మా ఇంటి చట్టం. మా అవ్వ పెట్టింది, అమ్మ నిలబెట్టింది, నేనూ నా తమ్ముళ్ళూ కళ్ళు మూసుకుని పాటించాం. ఆ చట్టం పుట్టిన రోజు నేను పక్కనే ఉన్నాను.

అప్పటి మా ఇల్లు తమిళనాట రాజపాళయంలో ఒక సన్నని వీధిలో ఉండేది. నాయన నూలు మిల్లులో పని. రాత్రి షిఫ్టు ముగించుకుని జుట్టునిండా పత్తి నుసితో వచ్చేసరికి మేము పెరట్లో వరసగా కూర్చుని పళ్ళు తోముకుంటూ ఉండేవాళ్ళం. అవ్వ, అంటే నాయన తల్లి, వెనక గడప మీద కూర్చుని తన వేపపుల్ల నములుతూ మా మీద ఓ కన్ను వేసి ఉంచేది. మాకు ఎర్ర పళ్ళపొడి, అరచేతిలో చిటికెడు, కుడిచేతి చూపుడువేలు. తోముతున్నంతసేపూ మాట్లాడకూడదు, మాట్లాడితే పొడి కడుపులోకి పోయి పురుగులు పుడతాయట. ముందు పళ్ళు తెల్లగా కనబడితే పని అయిపోయినట్టే లెక్క. వెనక పళ్ళున్నాయని గానీ, చిగుళ్ళంటూ ఒకటున్నాయని గానీ ఆ పెరట్లో ఎవరికీ గుర్తులేదు. ఆ పొద్దుల వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. నూలుకు పెట్టే గంజి వాసన వీధంతా కమ్మేసి ఉండేది, దాని మీద వేపపుల్ల చేదు, దాని మీద పక్కింటి కాఫీ.

గంజి ఎందుకంటే, మా వీధిలో సగం ఇళ్ళు కట్టుగుడ్డ పనిమీదే బతికేవి. ఆస్పత్రుల్లో గాయాలకు చుట్టే పల్చటి తెల్లగుడ్డ. దగ్గర్లోని సత్రపట్టి నుంచి నూలు వచ్చేది, ఆడవాళ్ళు ఇళ్ళలో రాట్నం ముందు కూర్చుని కండెలకు చుట్టి మగ్గాలకు పంపేవాళ్ళు. అమ్మ చెయ్యి ఆ వీధిలోకల్లా చురుకు. నూలు తెగుతుంది, రెండు కొసలూ కలిపి వేళ్ళతోనే ముడి వేస్తుంది, మిగిలిన కొసను నోట్లో పెట్టి టక్కుమని కొరికేస్తుంది. కత్తెర వాడేవాళ్ళను చూసి నవ్వేది. నేను బడి నుంచి వస్తూ గుమ్మం బయటి నుంచే ఆ టక్కు విని అమ్మ మనసెలా ఉందో చెప్పేసేదాన్ని. గట్టిగా వినబడితే కోపంగా ఉందని, ఆ పూట బెల్లం అడగకూడదని.

కొన్నాళ్ళకు ఆ టక్కు వినబడటం మానేసింది. అమ్మ ఒడిలో ఒక సగం బ్లేడు కనబడసాగింది. అప్పటికి ఆమెకు ముప్పై దాటి ఎక్కువేమీ కాలేదు. ఎందుకమ్మా అని అడిగితే "సుమ్మా" అంది. ఊరికే అని మాకు ఆ మాటకు అర్థం. ఊరికేమీ కాదు. చిగుళ్ళు వాచి ఎర్రగా పొంగి ఉన్నాయి, దారం తగిలితే చాలు రక్తం. ఒకనాడు అలవాటు కొద్దీ బ్లేడు మరిచి కొరికింది. మరునాడు మగ్గాల యజమాని, మా తెలుగువాళ్ళలోనే ఒకాయన, ఒక కండె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. తెల్లటి నూలు మీద ఎర్ర చుక్క. "ఏమ్మా, ఇది కట్టుగుడ్డ. రక్తం ఆస్పత్రికి పోయినాక కదా అంటాల, ముందే అంటించి పంపిస్తే ఎట్ల?" అని నవ్వాడు. మంచివాడే, వేళాకోళానికే అన్నాడు. ఆ నూలును ఎలాగూ తర్వాత ఉడికించి తెల్లబరిచేదే, చుక్క ఉండదు. కానీ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆ కొంగు చాలాకాలం దిగలేదు.

అవ్వకు విషయం తెలిసి వెంటనే వైద్యం మొదలుపెట్టింది. "ఇదంతా సూడు. పగలంతా రాట్నం ముందర కూర్చుంటే ఒంట్లో సూడు ఎక్కక ఏమైతాది?" అంది. సూడంటే వేడి. మా అవ్వకు లోకంలో ఉన్న జబ్బులన్నీ రెండే రకాలు, సూడువల్ల వచ్చేవి, దిష్టివల్ల వచ్చేవి. వారానికి రెండు తలంట్లు, పూటపూటా మజ్జిగ, పరగడుపున నానబెట్టిన మెంతులు. అన్నింటికన్నా పెద్ద ఆజ్ఞ ఇంకొకటి. "రక్తం వచ్చే చోటును మళ్ళీ మళ్ళీ కెలికితే నిలుస్తాదా? పుండు మీద గోరు పెడతారా ఎవురైనా? తోమొద్దు, నీళ్ళు పుక్కిలించి వదిలిపెట్టు." ఎంత న్యాయంగా ఉందో చూడండి ఆ మాట! మా వీధిలో దాన్ని కాదనగలిగిన మనిషి లేదు. అమ్మ వేలు పెట్టడం మానేసింది. మానేసినకొద్దీ రక్తం ఎక్కువైంది, ఎక్కువైనకొద్దీ ఇంకా జాగ్రత్తగా మానేసింది.

అవ్వ చెడ్డదని అనుకునేరు, కాదు. అమ్మకు తల్లి లేదు. పుట్టిల్లు చోళపురంలో, అమ్మ చిన్నప్పుడే పోయింది. అమ్మ మూడు కాన్పులూ అవ్వ చేతిమీదనే జరిగాయి. బాలింత గదిలో తనే పడుకునేది, తనే నీళ్ళు పోసేది, కోడలికి పథ్యం వండి తను కూడా అదే తినేది. ఎవరైనా కోడలిని ఒక మాటంటే ఆ ఇంటి ముందుకు వెళ్ళి నిలబడి అడిగేది. అలాంటి మనిషి చెప్పిన మాట అమ్మకు దేవుడు చెప్పినదానికంటే ఎక్కువ.

ఇక నోటి వాసన సంగతి. ఇల్లంతా తెలుసు, ఎవరూ అనరు. చిన్నోడు, మా ఆఖరి తమ్ముడు, అమ్మ పక్కనే పడుకునేవాడు. ఒక మధ్యాహ్నం అమ్మ వాణ్ణి దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టబోతే మొహం తిప్పేసి, "పోమ్మా, నీ నోరు నాత్తం" అన్నాడు. అమ్మ నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకునే నవ్వింది. తర్వాత రాట్నం ముందు కూర్చుని చాలాసేపు చక్రం తిప్పకుండా ఊరికే ఉండిపోయింది. ఆ సాయంకాలం నాయనతో, "నన్ను పల్లు డాక్టరు దగ్గరికి తీసుకపో" అని అడిగింది. తనకోసం ఏదైనా అడగడం అదే నేను మొదటిసారి వినడం.

ఒక డాక్టరమ్మ అప్పుడే కొత్తగా మేడమీద గదిలో వైద్యం పెట్టింది. తోడుగా నన్నూ తీసుకెళ్ళారు. అమ్మ పళ్ళన్నీ పీకేస్తారని భయపడి నా చెయ్యి నలిపేసింది. ఆమె ఏదీ పీకలేదు. చిన్న అద్దం నోట్లో పెట్టి, ఇంకో అద్దం అమ్మ చేతికిచ్చి, పళ్ళ వెనక పచ్చగా పేరుకున్నదాన్ని చూపించింది. "ఇది పల్లు కాదమ్మా, రాయి" అంది. తిన్నది పళ్ళ మొదట్లో మెత్తగా అంటుకుంటుందట, దాన్ని ఏ రోజుకారోజు తీయకపోతే గట్టిపడి రాయవుతుందట, ఆ రాతిలో క్రిములు కాపురం పెట్టి చిగురును తింటాయట, చిగురు తర్వాత లోపలి ఎముకను. రక్తం వస్తోందంటే అక్కడ శుభ్రం చాలలేదని అర్థమట, వదిలేయమని కాదట. మెత్తటి బ్రష్షుతో చిగురు అంచున నెమ్మదిగా, రాత్రి పడుకోబోయే ముందు తప్పకుండా తోమమంది, ఉప్పునీళ్ళు పుక్కిలించమంది. మొన్న ఈ కుర్రడాక్టరు కంప్యూటరులో బొమ్మ చూపించి చెప్పిందీ అక్షరాలా అదే. ఆమె ఇనుప పుల్లతో కింది వరసంతా గీకింది. రాతి పెళుసులు పళ్ళెంలో టింగుమని పడుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. పై వరసకు మళ్ళీ వారం రమ్మంది.

ఇంటికి వచ్చాక ఏమైందో ఇప్పుడు నా నోరే చెబుతోంది. సందులు, గాలి, జివ్వుమనడం. రెండు ముందు పళ్ళు వేలు పెడితే కదిలాయి. అవ్వ అమ్మను పెరట్లో ఎండలో నిలబెట్టి, గడ్డం పట్టుకుని నోరు తెరిపించి చూసి గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో, మాంచి గోడకు నడుమ ఉండే సున్నమంతా గీకి తీసినాదే ఆ పిల్ల! ఇంక రాళ్ళు నిలుస్తాయా?" కేకకు వీధి వీధంతా వచ్చింది. ఒక్కొక్కరూ వంగి అమ్మ నోట్లోకి చూశారు. ఎదురింటి పెద్దమ్మ, "మా తమ్ముని పెండ్లాముకూ ఇట్లనే, గీకించినాక పల్లు పల్లుగా రాలినాయి" అంది. ఊడబోయే పళ్ళున్నవాళ్ళే కదా గీకించుకోవడానికి వెళ్ళేది, ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. నాయన మాత్రం, "డాక్టరమ్మ చెప్పే కదా పంపించినాది, కొన్నాళ్ళు చూస్తాము" అని గొణిగాడు. అమ్మ అవ్వ మొహం చూసింది, తర్వాత అంది, "పైవి ఉండనీ అత్తా. నేను పోను." అవ్వ కళ్ళనీళ్ళు తుడుచుకుని కోడలి తల నిమిరింది. ఆ రోజు నుంచి పోయేదాకా అవ్వ పదిమందిలో చెప్పుకున్న గొప్ప ఒకటే, నా కోడలి పై పండ్లు నేను కాపాడినాను అని.

కింది చిగుళ్ళు కొన్ని వారాల్లో ఎండిపోయాయి. కదిలిన పళ్ళు బిగిశాయి, చిగుళ్ళు ఎరుపు పోయి గులాబీ రంగుకొచ్చాయి. రక్తం రాని చోట తోమితే అవ్వ అడ్డు చెప్పలేదు గనక కిందివి అమ్మ రోజూ తోముకునేది. ఎవరూ గమనించలేదు, నొప్పి లేనిదాన్ని ఎవరు చూస్తారు? పైవి మాత్రం యథాప్రకారం వాచడం, చీము పట్టడం. ఏడాదికొకటి అటూ ఇటూగా పోసాగాయి. ఒక్కొక్కటి ఊడినప్పుడల్లా అవ్వ దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. "సూడు కింద నుంచి పైకి ఎక్కినాది, అంతే." మజ్జిగ దెబ్బకు వేడి కింది పళ్ళను వదిలి మేడెక్కిందని మేమూ నమ్మాం. అవ్వ పోయేనాటికి అమ్మ పై వరసలో చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. తర్వాత కట్టుడు పళ్ళు పెట్టించుకుంది. మాకు మాత్రం ఎప్పుడు చిగుళ్ళ మాట వచ్చినా ఆమె చెప్పే మాట మారలేదు. "గీకించుకోవద్దు, సందు పడతాది. మీ అవ్వ చెప్పినాది." నా తమ్ముళ్ళిద్దరి దవడలూ సగం ఖాళీ. నాకు మిగిలినవి మొన్న డాక్టరు లెక్కపెట్టి ఊరుకున్నాడు.

సరే, మొన్నటికి వస్తాను. అమ్మ నాతోనే ఉంటుంది. ఎనభై దాటింది, కళ్ళు కాస్త మందగించాయి గానీ నోరు మందగించలేదు. ఇంట్లో ఉన్నప్పుడు పై సెట్టు తీసి గిన్నెలో వేసి, కింది పళ్ళతోనే చిక్కుడు నారలు తీస్తూ కూర్చుంటుంది. నేను అద్దం ముందు నోరు చీల్చుకుని నిలబడటం చూసింది.

"ఏమే పాపా, సందు పడినాదా?"

"పడింది. నువ్వు చెప్పినట్టే. పైవాటికి ఇంక పోను."

చెప్పినానా లేదా అంటుందని ఎదురుచూశాను. చేతిలో ఉన్న చిక్కుడుకాయ నార తీసింది, ఇంకొకటి తీసుకుంది, అది తీయకుండా పక్కన పెట్టింది.

"పో" అంది.

"ఏంటమ్మా?"

"పైవాటికీ పో. కండిప్పా పోవాల, తప్పదు. సందు కాదు అది. రాయి ఉన్న చోటు అది. వాపు తగ్గితే బిగుస్తాది."

ఇన్నేళ్ళూ వద్దన్నది నువ్వే కదా అని అడిగాను.

"నాకు అప్పుడే తెలుసునే. కింద రక్తం నిలిచినప్పుడే తెలిసిపోయినాది, ఆ డాక్టరమ్మ చెప్పినాది సరి అని."

"మరి ఎందుకు పోలే నువ్వు?"

"ఎట్ల పోయేది? మీ అవ్వ వీధంతా చెప్పుకుంటా ఉండె, నేనే కాపాడినానని. నేను మేడెక్కి ఆ డాక్టరమ్మ ముందర నోరు తెరిస్తే ఆ ముసిల్దాని మొహం ఏమైతాది? తల్లి లేని పిల్లనని నన్ను కడుపులో పెట్టుకుని చూసినాది. ఒక్కటే ఒక్క తప్పు చెప్పినాది నాకు, దానికి పదిమందిలో తల వంచనిస్తానా?"

"అవ్వ పోయాకైనా చెప్పొచ్చు కదా, మాకైనా!" గట్టిగానే అరిచాను.

"పోయినోళ్ళ మాట కూడా తీసేస్తే వాళ్ళకు ఇంకేమి ఉండాది?" అంది. పక్కన పెట్టిన చిక్కుడుకాయ మళ్ళీ చేతిలోకి తీసుకుని, "తప్పే పాపా. నీ నోరు చూస్తే తెలుస్తా ఉండాది. నా మట్టుకు పోతే పోయినాది, నీది ఎందుకు పోవాల?" అంది.

కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి నాకు. చిన్నోడు మొహం తిప్పుకున్న మధ్యాహ్నం, ఆ కొంగు, ఏళ్ళ తరబడి అన్నం గంజిలో పిసుక్కుని తాగడం, అన్నీ తెలిసీ భరించిందా ఈ మనిషి? ఒకరి గొప్ప నిలబెట్టడానికి పళ్ళు పోగొట్టుకుంటారా ఎవరైనా? ఇప్పటివాళ్ళం ఆ పని చేయం. అత్త మాట తప్పయితే ఫోను తీసి డాక్టరు వీడియో ముందు పెడతాం, పదిమందిలోనే పెడతాం. చిగుళ్ళు బాగుంటాయి. అది మంచిదే, నేనేమీ పాతకాలాన్ని పొగడటం లేదు. ఆ పెరట్లో ఒక మెత్తటి బ్రష్షూ, వెనక పళ్ళ వైపు తిరిగిన ఒక వేలూ ఉండుంటే మా ఇంట్లో ఎన్ని దవడలు నిలిచేవో! అయినా అమ్మను పట్టుకుని ఏడ్చింది మాత్రం కోపంతో కాదు.

వారమంతా డాక్టరు చెప్పినట్టు చేశాను. రాత్రిపూట తోముకోవడం, బ్రష్షును చిగురు అంచుకు వాల్చి మెల్లగా తిప్పడం, పళ్ళ మధ్యకు వెళ్ళే సన్నని దారం. ఆ దారం చూసి అమ్మ, "నూలు మళ్ళీ నోట్లోకే వచ్చినాదా!" అని పడీ పడీ నవ్వింది. నాలుగైదు రోజులకు బ్రష్ తెల్లగా వచ్చింది. అంత తెల్లటి బ్రష్ చూసి ఎన్నేళ్ళయిందో. మధురైలో ఉన్న మా తమ్ముళ్ళకు ఫోను చేసి తిట్టి మరీ అక్కడి డాక్టరుకు చూపించుకోమన్నాను.

పై వరస రోజున అమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. సెట్టు పెట్టుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, ఆటోలో నా పక్కన కూర్చుంది. డాక్టరు ఆమెను చూసి, అరవంలో అవ్వా అన్నట్టు, "పాటీ, మీ పళ్ళు చూడొచ్చా?" అని మర్యాదకు అడిగాడు. అమ్మ ఆ మాటకోసమే వచ్చినట్టు సెట్టు తీసి చేతిలో పట్టుకుని నోరు తెరిచింది. అతను లైటు దగ్గరికి లాగి, వేలితో ఒక్కొక్క కింది పన్నూ కదిపి చూశాడు. "ఈ వయసులో ఇంత గట్టి పళ్ళు నేను చూడలేదు. ఎవరో డాక్టరు మంచి చేతి పని చేశారు, మీరూ బాగా చూసుకున్నారు. మరి పైవి ఏమయ్యాయి పాటీ?"

అమ్మ సెట్టు చేతిలోనే ఉంచుకుని నావైపు చూసింది. అతనికి చెప్పాల్సిన జవాబు నాకే, మా తెలుగులో చెప్పింది.

"పైవి మా అత్తకు ఇచ్చినాను."

"ఏమంటున్నారు?" అని డాక్టరు నన్ను అడిగాడు. నేను కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాను.